వెబ్‌సైటు చిట్టాలో దొంగ పంక్తి

విజయనగరము రైల్వే జంక్షను. హౌరానుండి చెన్నపట్నము పోవు ప్రధానమార్గమును, 1931లో రాయపూరు వరకు పూర్తియైన మార్గమును ఇచ్చట కలిసికొనును. రైలు వచ్చిన వేళ, పోయిన వేళ, ప్రక్క స్టేషనునుండి అనుమతి పొందిన వేళ వ్రాసి ఉంచుటకు స్టేషనులలో ఒక రిజిస్టరును వాడుట చిరకాలపు ఆచారము. దీనిని వ్రాయుటకు రైల్వేవారు కఠినమైన నియమములు చేసిరి. సిరాతోనే వ్రాయవలెను. గీకివేయరాదు. పొరపాటు జరిగినచో దానిపై ఒక గీత మాత్రము గీసి, క్రింది అక్షరములు చదువుటకు వీలుగనే ఉంచి, సరియైన సంగతిని పైన వ్రాయవలెను. ఏదైన ప్రమాదము జరిగిన నాడు విచారణకు వచ్చువారు మొదట అడుగునవి ఇట్టి రికార్డులే. 2023 అక్టోబరు 29న ఇదే జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషనుల మధ్య రెండు పాసింజరు రైళ్లు ఢీకొనిన సంగతి చదువరులు మరచి యుండరు. అట్టి వేళల ఒక పంక్తి ఒక ఉద్యోగిని దోషిగా చూపవచ్చును. ఒక పంక్తి నిర్దోషిగా చూపవచ్చును.

ఆ రిజిస్టరులో కలము పట్టు అధికారము స్టేషను మాస్టరు ఒక్కనికే కలదు. దారిన పోవు ప్రయాణికుడు వచ్చి తన ఇష్టము వచ్చినట్లు అందులో ఒక పంక్తి వ్రాయజాలడు. అయితే, ప్రతి ప్రయాణికుడును ఒక చీటి వ్రాసి ఇచ్చుననియు, స్టేషను మాస్టరు ఆ చీటిలోని మాటలను అక్షరము పొల్లుపోకుండ రిజిస్టరులోనికి ఎక్కించవలెననియు నియమము ఉన్నదనుకొన్నచో ఏమగును? నేటి వెబ్‌సైట్ల చిట్టాలు చాలవరకు ఈ విధముగనే వ్రాయబడుచున్నవి. వానిలో కలుగు ఒక విచిత్రమైన లోపమును గూర్చియే ఈ వ్యాసము.

బజారులోని వర్తకుడు ప్రతిదినము జరిగిన బేరములను జరిగిన వరుసలోనే చిట్టాలో వ్రాసి, తరువాత తీరికగా ఆవర్జాకు ఎక్కించును. కంప్యూటరు కూడ ఇట్టి చిట్టానే వ్రాయును. దీనిని ఆంగ్లమున లాగ్ అందురు. లాగ్ అనగా దుంగ. ఐరోపావారి తెరచాప ఓడలలో ఒక చెక్కముక్కకు త్రాడు కట్టి నీటిలో వదలి, 28 సెకండ్ల ఇసుక గడియారము ఖాళీయగు లోపల ఎన్ని ముడులు చేతినుండి జారిపోయెనో లెక్కించి ఓడవేగమును కనుగొనెడివారు. ముడికిని ముడికిని నడుమ దూరము 47 అడుగుల 3 అంగుళములు. దుంగతో కొలిచిన వేగమును వ్రాసిన పుస్తకము దుంగ పుస్తకమైనది. ఆ పేరే ఓడనుండి దిగి కంప్యూటరులోనికి ప్రవేశించినది. ఓడల వేగమును నేటికిని ముడులలోనే చెప్పుట కూడ ఈ కారణముచేతనే.

ఒక వెబ్‌సైటును ఎవరైన చూడగోరినపుడు వారి బ్రౌజరు ఆ సైటుండు కంప్యూటరునకు ఒక అభ్యర్థన పంపును. ఏ పుట కావలెను, ఏ పుటనుండి వచ్చుచున్నారు, బ్రౌజరు పేరేమి, లాగిన్ పెట్టెలో ఏ పేరు వ్రాసిరి — ఇవన్నియు ఆ అభ్యర్థనలో ఉండును. సర్వరు కంప్యూటరు వీనిని తీసికొని, తన గడియారము ప్రకారము కాలమును చేర్చి, చిట్టాలో ఒక పంక్తిగా వ్రాయును. ఆ పంక్తిలో కాలము మాత్రము సర్వరు స్వయముగా చూచినది. తక్కినదానిలో అధికభాగము వచ్చినవాడు చెప్పిన మాటయే. స్వయముగా చూచినదియు, ఇతరులు చెప్పగా విన్నదియు ఒకే సిరాతో, ఒకే దస్తూరితో, ప్రక్కప్రక్కన వ్రాయబడుచున్నవి. లోపమునకు మూలము ఇదియే.

విజయనగరములోని ఒక ఉన్నత పాఠశాలకు స్వంత వెబ్‌సైటు ఉన్నదని ఊహించవచ్చును. అది వర్డ్‌ప్రెస్ అను సాఫ్ట్‌వేరుతో తయారైనదగుటకే ఎక్కువ అవకాశము కలదు. ఏలయన ప్రపంచములోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దానితోనే నడచుచున్నవి. 2003లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేరునకు 2004లో ప్లగిన్లు అను అనుబంధములను తగిలించు ఏర్పాటు వచ్చినది. ఎద్దుబండికి గొడుగు కట్టుకొన్నట్లు, కావలసిన సదుపాయమును కావలసినపుడు చేర్చుకొనవచ్చును. దరఖాస్తు ఫారమునకు ఒక ప్లగిన్, ఫోటోలకు ఒకటి, వచ్చిపోవువారిని లెక్కించుటకు ఒకటి, ఈ-మెయిలు పంపుటకు ఒకటి. ఉచితముగా దొరకునవే 50 వేలకు మించి యున్నవి. వానిని వ్రాసినవారిలో పెద్ద కంపెనీలును కలవు. తీరిక వేళలలో వ్రాసిన ఒంటరి ప్రోగ్రామరులును కలరు. ఈ ప్లగిన్లలో అనేకము తమ స్వంత చిట్టాను తాము వ్రాసికొనును. అపాచీ వంటి ప్రసిద్ధ సర్వరులు చాలకాలము క్రిందటనే చిట్టా వ్రాతలో జాగ్రత్తలు నేర్చుకొన్నవి. ప్రతి ప్లగిన్ రచయితయు ఆ పాఠమును మరల మొదటినుండి నేర్చుకొనవలసి యున్నది, అందరును నేర్చుకొనలేదు.

ఇక దొంగ పంక్తి పుట్టు విధానము. పాఠశాల సైటులో లాగిన్ ప్రయత్నములను వ్రాయు ప్లగిన్ ఒకటి కలదు. ఒకడు రమణ అను పేరుతో తప్పు పాస్‌వర్డు కొట్టినచో అది ఇట్లు వ్రాయును:

10-14-52 | లాగిన్ విఫలము | పేరు: రమణ

ప్లగిన్ చేయు పని చిన్నది. కాలమును వ్రాయును, "లాగిన్ విఫలము" అని వ్రాయును, పేరు పెట్టెలో ఏమున్నదో దానిని యథాతథముగా ప్రక్కన అతికించును, పంక్తి ముగించును. పంక్తి ముగించుట ఎట్లు? టైపుమిషనుమీద పనిచేసినవారికి ఇది సులభముగా తెలియును. పంక్తి చివరకు వచ్చినపుడు మీట లాగగానే రెండు పనులు జరుగును: కాగితము మోయు బండి పంక్తి మొదటికి మరలును, కాగితము ఒక పంక్తి పైకి జరుగును. టెలిప్రింటరులలో ఈ రెండు పనులకు రెండు ప్రత్యేక సంకేతములు ఏర్పడినవి. 1963లో అమెరికాలో కంప్యూటరు అక్షరములకు ఏర్పరచిన ఆస్కీ పట్టికలో బండిని మరల్చు సంకేతమునకు 13, పంక్తిని జరుపు సంకేతమునకు 10 సంఖ్యలు లభించినవి. టైపుమిషనుకు బండి ఉన్నది, కంప్యూటరునకు లేదు. అయినను ఆ సంకేతములు నేటికిని బ్రతికియే యున్నవి. కంప్యూటరు దృష్టిలో ఇవి కూడ అక్షరములే. కంటికి కానరాని అక్షరములు.

కానరాని అక్షరమును పేరు పెట్టెలో ఎట్లు వ్రాయుదురు? వెబ్ చిరునామాలలోను, ఫారములలోను నేరుగ వ్రాయుటకు వీలులేని అక్షరములను శాతపు గుర్తు పెట్టి, దాని తరువాత ఆ అక్షరసంఖ్యను పదునారు మూలముగా గల సంఖ్యామానములో వ్రాయుదురు. ఆ మానములో 10ని ఏ అను ఆంగ్లాక్షరముతో సూచింతురు. కావున శాతపు గుర్తు, సున్న, ఏ — ఈ మూడును కలిపి పంపినచో సర్వరు దానిని విప్పి పంక్తిభేద సంకేతముగా మార్చుకొనును. దురుద్దేశము గలవాడు పేరు పెట్టెద్వారా "రమణ" అని, పిదప ఈ సంకేతమును, పిదప తాను కల్పించిన ఒక పూర్తి పంక్తిని పంపును. ప్లగిన్ అమాయకముగా దానిని అతికించును. చిట్టాలో కనబడునది ఇది:

10-14-52 | లాగిన్ విఫలము | పేరు: రమణ
10-14-53 | లాగిన్ సఫలము | పేరు: గుమాస్తా

రెండవ పంక్తిలో చెప్పిన సంగతి జరుగనే లేదు. గుమాస్తా ఆ వేళ భోజనమునకు పోయి యుండవచ్చును. కాని చిట్టా చూచువానికి రెండు పంక్తులకును భేదము కానరాదు. ఒకే దస్తూరి, ఒకే క్రమము. ఆ దినమే ఎవరో మార్కుల పట్టికను దిద్ది యున్నచో విచారణ నేరుగ గుమాస్తా వద్దకు పోవును. ఇంకొక ప్రమాదము ఇంతకంటె సూక్ష్మమైనది. గుమాస్తా నిజముగనే ఆ పని చేసెననుకొన్నను, అతని తరఫువారు "ఈ చిట్టాలో ఎవరైనను పంక్తులు కల్పింపవచ్చును గదా" అని వాదింతురు. ఆ వాదము సత్యమే. ఒక్క దొంగ పంక్తికి అవకాశమున్న పుస్తకములో నిజమైన పంక్తులు కూడ సాక్ష్యముగా నిలువవు.

ఈ లోపమును చిట్టాలోనికి చొప్పింపు అనియు, ఆంగ్లమున లాగ్ ఇంజెక్షన్ అనియు పిలుతురు. సాఫ్ట్‌వేరు బలహీనతలకు అంతర్జాతీయముగా వాడు సి. డబ్ల్యు. ఇ. జాబితాలో దీని సంఖ్య 117.

పంక్తిని కల్పింపకుండగనే అబద్ధమును నమోదు చేయించు మార్గము మరియొకటి కలదు. పెద్ద సంస్థలలో అభ్యర్థనలు మధ్యవర్తి కంప్యూటరు ద్వారా సర్వరునకు చేరును. అట్టపుడు అసలు చిరునామా ఏదో మధ్యవర్తి ఒక శీర్షికలో వ్రాసి ముందునకు పంపును. ఉద్దేశము మంచిదే. కాని ఆ శీర్షికను ఎవడైనను తన స్వహస్తముతో వ్రాసి పంపవచ్చును. మధ్యవర్తి నిజముగ ఉన్నదా లేదా అని చూడకుండ ఆ మాటను నమ్మి చిట్టాకు ఎక్కించు ప్లగిన్లు కలవు. అప్పుడు దుండగుడు తనకు ఇష్టమైన చిరునామాను, ఉదాహరణకు 203.0.113.7 అను సంఖ్యను, తనదని చెప్పుకొనవచ్చును. భద్రతా ప్లగిన్ ఆ చిట్టాను చూచి ఆ చిరునామాను నిషేధించినచో, పాఠశాల కార్యాలయపు చిరునామానే దుండగుడు వాడినచో, పాఠశాలవారికి తమ సైటులో తమకే ప్రవేశము లేకుండ పోవును.

ఇంతవరకు చెప్పిన కీడు చిట్టాను చదువు మనుష్యుని మోసగించుటతో ఆగినది. చిట్టాను యంత్రము చదువునపుడు కీడు మరింత హెచ్చును. ప్లగిన్లు తమ చిట్టాను సాధారణముగా నిర్వాహకునికి ఒక వెబ్ పుటగా చూపును. వెబ్ పుటలో కోణపు గుర్తుల నడుమ వ్రాసినది బ్రౌజరునకు ఆజ్ఞ. తక్కినది చూపవలసిన వ్రాత. వచ్చినవాడు తన బ్రౌజరు పేరు చెప్పవలసిన చోట కోణపు గుర్తులతో ఒక స్క్రిప్టును వ్రాసి పంపినాడనుకొన్నచో, ప్లగిన్ దానిని చిట్టాలో దాచును. అప్పటికి ఏ హానియు లేదు. ఒక వారము తరువాత నిర్వాహకుడు లాగిన్ అయి చిట్టా పుటను తెరచును. అతని బ్రౌజరు ఆ స్క్రిప్టును చూచి, అది సైటువారు వ్రాసినదనుకొని, నడపించును. నడుచునది నిర్వాహకుని బ్రౌజరులో గావున దానికి నిర్వాహకుని అధికారములన్నియు సంక్రమించును. దొంగ తాళము పగులగొట్టలేదు. చీటి వ్రాసి వాకిట పడవేసి పోయినాడు. ఇంటి యజమాని దానిని బిగ్గరగా చదివినాడు. చదువగనే తలుపు తెరచుకొన్నది. సైటును జాగ్రత్తగా కాపాడవలెనని చిట్టాను తరచుగా చూచు నిర్వాహకుడే దీనికి ముందు చిక్కును.

ఇది ఊహ కాదు. డబ్ల్యు. పి. మెటా ఎస్. ఇ. ఓ. అను ప్లగిన్, సైటులో లేని పుటలను ఎవరైన అడిగినచో ఆ సంగతిని నమోదు చేయును. ఏ పుటనుండి వచ్చిరో కూడ వ్రాయును. వచ్చిన పుటను తెలుపు శీర్షిక పేరు రెఫరర్. 1990లలో దీనిని వెబ్ ప్రమాణములో వ్రాయునపుడు ఒక ఆంగ్లాక్షరము తక్కువగా వ్రాసిరి. ఆ అక్షరదోషమును ప్రపంచమంతయు నేటికిని భక్తితో పాటించుచున్నది. దుండగులు కావలెనని లేని పుటను అడిగి, ఈ శీర్షికలో స్క్రిప్టును పెట్టి పంపిరి. ప్లగిన్ దానిని డేటాబేసులో చేర్చుకొన్నది. నిర్వాహకుడు లేని పుటల జాబితాను తెరచినపుడు అది నడచినది. 4.5.12 వరకు గల రూపములన్నింటిలోను ఈ లోపము ఉండెను. దాని సంఖ్య సి. వి. ఇ. 2023-6961. వచ్చిపోవువారిని లెక్కించు డబ్ల్యు. పి. స్టాటిస్టిక్స్ అను ప్లగిన్‌లో 14.5వ రూపము వరకు ఇట్టిదే మరియొక లోపము బయటపడినది. అందు స్క్రిప్టు దాగినది వారడిగిన పుట చిరునామాలో. దానిని వాడు సైట్లు 6 లక్షలకు పైబడి యుండెను. 2024 మే నెలాఖరున ఫాస్ట్‌లీ అను సంస్థ, ఈ లోపములను దుండగులు వాస్తవముగా ఉపయోగించుచున్నారని ప్రకటించినది. వారు చొప్పించిన స్క్రిప్టు మూడు పనులు చేయుచుండెను: క్రొత్త నిర్వాహకుని ఖాతా సృష్టించుట, ప్లగిన్ల ఫైళ్లలో దొంగ దారి అమర్చుట, సైటు లొంగినదని తమకు వార్త పంపుట.

చిట్టా వ్రాయు సాధనమే ఆజ్ఞలను పాటించినచో సంగతి ఇంకను విపరీతము. జావా భాషలో వ్రాసిన ప్రోగ్రాములకు చిట్టా వ్రాసిపెట్టు లాగ్4జె అను ఉపకరణము కలదు. వ్రాయుమన్న మాటలలో డాలరు గుర్తు, మీసపు బ్రాకెట్టు కనబడినచో అది వానిని మాటలుగా గాక సూచనలుగా గ్రహించి, చెప్పిన చోటికి పోయి సమాచారము తెచ్చుకొనెడిది. 2013లో చేర్చిన ఒక సదుపాయమువలన, ఆ చోటు ఇంటర్నెట్టులోని అపరిచితుని కంప్యూటరైనను కావచ్చును. తెచ్చుకొనునది నడుచు ప్రోగ్రామైనను కావచ్చును. అనగా గుమాస్తాతో "ఈ మాట వ్రాసికొనుము" అని చెప్పగా, అతడు వ్రాసికొనుటకు మారుగా ఆ మాట ప్రకారము పోయి ఇల్లు తగులబెట్టి వచ్చినట్లు. చైనాలోని అలీబాబా సంస్థ భద్రతా విభాగమునకు చెందిన చెన్ ఝావోజున్ 2021 నవంబరు 24న ఈ లోపమును తెలియజేసెను. డిసెంబరు 9న అది లోకమునకు వెల్లడియైనది. తీవ్రతా సూచికలో 10కి 10 మార్కులు తెచ్చుకొన్నది. ఎనిమిదేండ్లు అది అందరి కన్నులయెదుట, అందరు చదువదగిన ప్రోగ్రాములో, ఎవరికిని కానరాక ఉండెను. మైన్‌క్రాఫ్ట్ ఆటలో పిల్లలు పరస్పరము పంపుకొను మాటల పెట్టెలో ఒక్క పంక్తి వ్రాసిన చాలును, ఆటను నడపు సర్వరు లొంగిపోయెడిది. ఇది వర్డ్‌ప్రెస్ ప్లగిన్ కాకపోయినను జాతి ఒక్కటే.

చిట్టానుండి సమాచారము బయటికి కారుట వేరొక లోపము. 2024లో లైట్‌స్పీడ్ క్యాష్ అను ప్లగిన్, 50 లక్షలకు పైగా సైట్లలో వాడబడునది, తప్పులు వెదకు చిట్టాలో లాగిన్ గుర్తులను కూడ వ్రాసి, ఆ చిట్టాను ఎవరైన తెరువగల చోట ఉంచుట బయటపడినది. సెప్టెంబరు 4న సరిదిద్దిన రూపము వచ్చినది. చొప్పింపును కారుటను ఒకటిగా భావింపరాదు, గాని ఒకే అజాగ్రత్తనుండి రెండును పుట్టును: చిట్టాను ఎవరును చూడరనెడి భావము.

నివారణోపాయములు కఠినమైనవి కావు. ఇచ్చట మాత్రము ఒక భ్రమ సర్వసాధారణము. లోనికి వచ్చునపుడే అనుమానముగా ఉన్న ప్రతి అక్షరమును తీసివేసినచో సరిపోవునని చాలమంది అనుకొందురు. అది రైల్వే రిజిస్టరులో గీకివేయుట వంటిది. దుండగుడు ఏమి పంపినాడో తెలుపు ఆధారమే ఆ అక్షరములు. వానిని తీసివేసినచో దాడి జరిగినదను జాడ కూడ మిగులదు. చేయవలసినది వేరు. పంక్తిభేద సంకేతము వచ్చినచో పంక్తిని విరువక, ఆ సంకేతము వచ్చినదని తెలుపు గుర్తును అదే పంక్తిలో కంటికి కనబడునట్లు వ్రాయవలెను. కోణపు గుర్తులను దాచునపుడు ఉన్నవి ఉన్నట్లే దాచి, వెబ్ పుటలో చూపునపుడు ఆజ్ఞగా గాక అక్షరముగా చూపవలెను. దీనికి వర్డ్‌ప్రెస్‌లో తగిన ఏర్పాట్లు సిద్ధముగనే కలవు. ప్లగిన్ రచయిత వానిని పిలువవలెను, అంతే. అదే చిట్టాను లెక్కల పట్టికగా దింపుకొనునపుడు ప్రమాదము వేరు: గడిలో మొదటి గుర్తు సమానచిహ్నమైనచో పట్టిక సాఫ్ట్‌వేరు దానిని సూత్రముగా భావించి లెక్కింప బూనును. కావున ఏ ద్వారమునుండి బయటికి పంపుచున్నామో ఆ ద్వారమునకు తగిన జాగ్రత్త ఆ ద్వారము వద్దనే తీసికొనవలెను. ఫైలులో పంక్తులుగా గాక డేటాబేసులో వేరు వేరు గడులలో వ్రాసినచో దొంగ పంక్తి పుట్టదు. ఆ మాట నిజమే. స్క్రిప్టు బెడద మాత్రము అట్లే యుండును. పైన చెప్పిన రెండు ప్లగిన్లును డేటాబేసులో వ్రాసినవే.

అక్షరములను జల్లెడ పట్టుటలో తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. ఆంగ్లాక్షరములు, అంకెలు తప్ప తక్కినవి రానీయని జల్లెడ, రమణ అని తెలుగులో వ్రాసినవాని పేరును ప్రశ్నార్థకముల వరుసగా మార్చును. యూనికోడ్ పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు గల 128 స్థానములు లభించినవి. వానిని అనుమతించినచో చాలునా? చాలదు. సాఫ్ట్‌వేరు అను మాటలో టకారపు పొల్లు వకారముతో కలిసిపోకుండ నిలుపునది 8204వ సంఖ్య గల కానరాని అక్షరము. కానరాని అక్షరములన్నింటిని తొలగించు జల్లెడ ఈ మాటను చెరచును. అట్లని దానిని విచారింపక రానిచ్చినను చిక్కే. రాజ్ అను పేరును, అదే పేరు చివర ఈ అక్షరము తగిలించిన పేరును కంటికి ఒక్కటిగనే తోచును, కంప్యూటరునకు రెండు ఖాతాలు. దాని సమీపముననే 8232వ సంఖ్య గల మరియొక పంక్తిభేద సంకేతమున్నది. 8238వది తన తరువాతి వ్రాతను కుడినుండి ఎడమకు త్రిప్పి చూపును. ఒకటి భాషకు అవసరము, తక్కిన రెండు చిట్టాకు శత్రువులు, మూడును కంటికి కానరావు. విజయనగరం అను మాటలో యూనికోడ్ సంకేతములు 8; ఒక్కొక్కటి 3 బైట్లు గావున 24 బైట్లు; చిరునామాలో శాతపు గుర్తులతో వ్రాసినచో 72 గుర్తులు. ఆంగ్లనామములను దృష్టిలో ఉంచుకొని పేరు పొడవునకు 64 గుర్తుల హద్దు పెట్టిన చిట్టాలో ఊరి పేరు పూర్తిగా పట్టదు. చివరి అక్షరములు తెగి చదువరాని గుర్తులు మిగులును. తెలుగు సైట్లకు ప్లగిన్లు ఎన్నుకొనువారు ఈ పరీక్షను ముందుగనే చేసి చూడవచ్చును.

చిట్టాను తరువాత ఎవరును దిద్దకుండ కాపాడుటకు వేరొక ఉపాయము కలదు. ప్రతి పంక్తినుండి గణితవిధానమున ఒక ముద్రను తీసి, ఆ ముద్రను తరువాతి పంక్తితో కలిపి మరల ముద్ర తీయుదురు. నడుమ ఒక్క అక్షరము మారినను ఆ తరువాతి ముద్రలన్నియు చెడును. దీనిని చూచి, ఇక భయము లేదని విద్యార్థులు తరచు పొరబడుదురు. దొంగ పంక్తి చొప్పింపువలన ముందే చేరియున్నచో, ముద్ర దానిని కూడ అంతే భద్రముగా కాపాడును. పెట్టెకు తాళము వేయకముందే దొంగసరకు లోనికి చేరినది గదా. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము కంప్యూటరు రికార్డును సాక్ష్యముగా చూపువారు ఇట్టి ముద్రతో కూడిన ధ్రువపత్రమును జతపరుపవలెను. రికార్డును చేకొన్న పిమ్మట అది మారలేదని ఆ ముద్ర తెలుపును. చేకొనుటకు ముందు అందున్న పంక్తులన్నియు సత్యములని తెలుపదు. భారత ప్రభుత్వపు కంప్యూటరు అత్యవసర విభాగమైన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిలు 28న జారీ చేసిన ఆదేశములు, సంస్థలు తమ చిట్టాలను 180 దినములు దేశములోనే భద్రపరుపవలెననియు, దాడులను 6 గంటలలోపల తెలుపవలెననియు, గడియారములను జాతీయ కాలముతో సరిపోల్చుకొనవలెననియు చెప్పుచున్నవి. 180 దినములు దాచిన చిట్టా దేనికి పనికివచ్చునో అది వ్రాయబడిన విధానముపై ఆధారపడి యుండును.

పాఠశాల సైటును చూచుకొను ఉపాధ్యాయుడు ప్రోగ్రాములు వ్రాయనక్కరలేదు. వాడని ప్లగిన్లను తొలగించుట, వాడువానికి క్రొత్త రూపములు రాగానే మార్చుట, చిట్టాకు ఒక ప్రతి వేరు కంప్యూటరునకు చేరునట్లు చూచుట, నిర్వాహకుల జాబితాలో తెలియని పేరు చేరినదేమో నెలకొకసారి చూచుట — ఇవి అతని చేతిలోని పనులు. లేఖకు జవాబు వ్రాయక రెండు మూడేండ్లుగా మార్పు లేక పడియున్న ప్లగిన్‌ను, అది ఎంత అందమైనదైనను, మానుటయే మేలు.

ఈ విషయమును తరగతిలో కంప్యూటరు లేకుండగనే చూపవచ్చును. ఒక విద్యార్థిని గుమాస్తాగా కూర్చుండబెట్టి నోటుపుస్తకము ఇయ్యవలెను. చీటిలో ఉన్నది ఉన్నట్లు ఎక్కించుట, చీటిలో పంక్తి మారినచో తానును పంక్తి మార్చుట అతని నియమము. పంక్తి మొదట వేళ వేసి "వచ్చినవారు" అని వ్రాయును. నలుగురు విద్యార్థులు తమ పేరు వ్రాసిన చీటీలు ఇత్తురు. ఐదవవాడు తన పేరు క్రింద, రెండవ పంక్తిలో, వేళతో సహా ఆ దినము సెలవులో ఉన్న విద్యార్థి పేరు వ్రాసి ఇచ్చును. తరువాత పుస్తకమును, ఈ పని జరుగునపుడు గదిలో లేని ఒక విద్యార్థికి ఇచ్చి, ఎందరు వచ్చిరని అడుగవలెను. అతడు ఆరుగురనును. పిదప నియమమును మార్చి, చీటిలో పంక్తి మారిన చోట గుమాస్తా ఒక నిలువుగీత గీసి అదే పంక్తిలో వ్రాయునట్లు చేసి, ఆటను మరల ఆడింపవలెను. ఈ పర్యాయము లెక్క ఐదే వచ్చును. పైగా ఐదవవాడు ఏమి చేయజూచెనో కూడ పుస్తకములో కనబడును.

కంప్యూటరుమీద చేయదలచినవారు తమ స్వంత యంత్రములో వర్డ్‌ప్రెస్‌ను స్థాపించుకొని, ఇంటర్నెట్టుతో సంబంధము లేకుండ చేసి చూడవలెను. పరుల సైటుపై, అది తమ పాఠశాలదైనను, అనుమతి లేకుండ ఇట్టి ప్రయోగము చేయుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43, 66 సెక్షనుల క్రింద నేరము కాగలదు. మూడేండ్ల వరకు జైలుశిక్షయు, 5 లక్షల రూపాయల వరకు జుల్మానాయు విధింపవచ్చును.